పేరు చెప్పని పెద్దమనిషి వేయించిన పాట

మొన్న సింగపూరులో ఆఫీసుల పేట అయిన వన్-నార్త్‌లో మా అమ్మాయి ఆఫీసువాళ్ళు కుటుంబాలతో సహా అందరినీ పిలిచి సాయంత్రంపూట చిన్న వేడుక చేశారు. అద్దాల మేడల మధ్య పచ్చగడ్డి పెంచిన జాగాలో కుర్చీలు వేసి, పిల్లలకు బెలూన్లిచ్చి, పెద్దలకు కాగితపు గిన్నెల్లో లక్సా అనే కారపు నూడుల్స్ పులుసు పోసి, ఒక మూలన ఇద్దరు కుర్రాళ్ళచేత గిటారు వాయించి పాడించారు. నేను మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ నూడుల్స్ చీర మీద పడకుండా తినడమెలాగా అని అవస్థ పడుతున్నాను. అంతలో ఆ ఇద్దరిలో సన్నగా ఉన్న అబ్బాయి, ఇది మా అమ్మ పెళ్ళికి ముందు రోజుల పాట అని నవ్వుతూ చెప్పి, మెల్లగా తీగలు మీటాడు. వాడింకా నోరు తెరవకముందే నా చెవులు వేడెక్కాయి.

మనవరాలు నా మొహంలోకి చూసి, "అమ్మమ్మా, వై యువర్ ఫేస్ సో రెడ్ వన్? టూ స్పైసీ ఆ?" అంది. అవునమ్మా, కారంగా ఉంది అన్నాను. అది నమ్మి, పరుగున వెళ్ళి నాకు బార్లీ నీళ్ళు తెచ్చిపెట్టింది. గ్లాసు చేతిలో పట్టుకుని, పాట అయ్యేదాకా తల వంచుకునే కూర్చున్నాను.

మా వయసువాళ్ళకు ఆ పాట తెలియకపోవడమంటూ ఉండదు. ఒక ఇంగ్లాండు కుర్రాడు తానే రాసుకుని, తానే బాణీ కట్టుకుని, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నారు, లేపకూడదు అన్నంత నెమ్మదిగా పాడిన పాట. వాన తగ్గేదాకా నా గుమ్మంలో నిలబడు, నువ్వేమీ మాట్లాడనక్కర్లేదు అని ఎవరినో అడగడం తప్ప అందులో వేరే సంగతి లేదు. పేరు చెప్పానంటే మీలో సగంమంది వెంటనే కూనిరాగం మొదలుపెడతారు కాబట్టి చెప్పను. ఆ పాట ఎక్కడ వినబడినా నాకు ముంచుకొచ్చేది సిగ్గు. సిగ్గంటే ముసిముసినవ్వుల సిగ్గనుకునేరు, తలెక్కడ పెట్టుకోవాలో తెలియని సిగ్గు. అరవై దాటి, రోజూ మోకాళ్ళకు నూనె రాసుకునే ఈ వయసులో, నేను చేయని పనికి ఇంకా సిగ్గుపడుతున్నానని తలచుకుంటే, అదొక సిగ్గు మళ్ళీ.

నేను పుట్టింది మలేషియాలో, పేరాక్ వైపు కొబ్బరితోటల్లో. మా నాన్న తోట ఆసుపత్రిలో డ్రెస్సరు, అంటే గాయాలకు కట్లు కట్టి, జ్వరాలకు మందులిచ్చే ఉద్యోగం. నేను పట్నం వెళ్ళి టైపు నేర్చుకున్నాక, సింగపూరులో ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో టెలెక్స్ పని దొరికింది. తోటలో పుట్టిన ఆడపిల్ల ఒక్కతే సరిహద్దు దాటి వెళ్ళి ఉద్యోగం చేయడమేమిటని అమ్మ గునిసింది గాని, అక్కడ పిన్ని ఉంది కదా అని నాన్న నన్ను రైలెక్కించాడు. ఆ ఉద్యోగమంటే నాకు ఎంత ఇష్టమో ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. చెప్పవలసిన సంగతంతా ముందు కాగితపు టేపు మీద చిల్లులుగా పొడిచి, లైను దొరకగానే ఆ టేపును యంత్రంలో పెడితే, అది గడగడలాడుతూ ఎక్కడో ఓడరేవులో ఉన్న మరో యంత్రానికి కబురు చెప్పేది. నేను పొడిచిన చిల్లుల వల్ల ఒక ఓడ కదిలిందంటే ఆ రోజంతా నా నడకే వేరుగా ఉండేది.

పిన్నీ బాబాయీ ఉండేది తంజోంగ్ పగార్ రేవుకు దగ్గరలో ఒక ఫ్లాటు. పిన్ని మా అమ్మకు స్వయానా చెల్లెలు, చేతిలో గరిటె ఉంటే గరిటెతోనే మాట్లాడే మనిషి. మాట గట్టిది, వంట ఇంకా గట్టిది, పరువు అన్నిటికంటే గట్టిది. బాబాయి తాతగారి కాలంలోనే కోస్తా నుంచి ఓడెక్కి ఇక్కడ దిగినవాళ్ళ వంశం కావడంతో, ఆయన తెలుగులో సగం తమిళం, పావు మలయ్ ఉండేవి. రేవులో క్రేను నడిపేవాడు. పొద్దస్తమానం ఆకాశంలో ఒక చిన్న గదిలో ఒంటరిగా కూర్చుని, కింద ఓడల్లోంచి పెట్టెలెత్తి పెట్టే మనిషి కావడం వల్లనో ఏమో, నేల మీద ఉన్నప్పుడు కూడా ఎక్కువ మాట్లాడేవాడు కాదు. నేను ఆఫీసు నుంచి రాగానే "మకాన్ అయిందామ్మా?" అని ఒక్క ప్రశ్న వేసేవాడు. తిన్నానంటే తల ఊపేవాడు, లేదంటే లేచి వెళ్ళి కింద అంగడి నుంచి ఏదో ఒక పొట్లం కట్టించుకొచ్చేవాడు. మా నాన్నకు కూడా నా ఆకలి సంగతి అంతగా పట్టేది కాదు.

ఆ రోజుల్లో ఇళ్ళల్లో రేడియో సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. తమిళ రేడియోలో పిల్లల పుట్టినరోజులకు పాటలు వేసేవారు. ఊరికే వేయరు, ముందు పిల్లాడి పేరు, తర్వాత అమ్మ, నాన్న, తాత, అవ్వ, మేనత్త, మేనమామ, ఎదురింటి ఆంటీ దాకా ఆశీర్వదించేవాళ్ళ పేర్లన్నీ వరసగా చదివి, అప్పుడు పాట. పిన్ని కొడుకు మొదటి పుట్టినరోజుకు బాబాయి అలా చదివిస్తే, మా అంతస్తులో అన్ని తలుపులూ తెరుచుకున్నాయట, ఎవరి పేరు వచ్చిందో వినడానికి. అక్కడ తెలుగు రేడియో లేదు గనుక, తెలుగువాళ్ళ ముచ్చట్లు కూడా తమిళంలోనే తీరేవి. నేను మాత్రం తోటలో కాన్వెంటు చదువు చదివిన గొప్పతో, రాత్రి భోజనాలకు ముందు ఇంగ్లీషు స్టేషను పెట్టుకునేదాన్ని. అందులోనూ అడిగినవాళ్ళకు అడిగిన పాట వేసే కార్యక్రమం ఒకటి వచ్చేది. కానీ అక్కడ మేనత్తలూ మేనమామలూ ఉండేవారు కాదు. ఫలానా అమ్మాయికి ఫలానా అబ్బాయి అంతే. ఈ తేడా మాకు, అంటే కుర్రకారుకు, ఎవరూ చెప్పకుండానే తెలుసు. పెద్దవాళ్ళకు తెలియదు, తెలియవలసిన అవసరమూ వాళ్ళకు అప్పటిదాకా రాలేదు.

ఆ సంవత్సరం ఆ పాట కొత్తగా వచ్చింది. ఆఫీసులో టెలెక్స్ గది పక్కన ఉన్న చైనా అమ్మాయి దాని చిన్న రికార్డు కొనుక్కుని, దాని అట్ట మీద ఉన్న ఆ కుర్రాడి బొమ్మను బల్లకు అంటించుకుంది. నాకు రికార్డు కొనే తాహతూ లేదు, వాయించే యంత్రమూ లేదు. బట్టలు ఇస్త్రీ చేస్తున్నా, చింతపండు పిసుకుతున్నా, నోట్లో ఆ బాణీ ఒక్కటే తిరిగేది. ఏం గోలే ఇది, తేనెటీగ దూరినట్టు అని పిన్ని విసుక్కునేది. బాబాయి ఏమీ అనేవాడు కాదు.

అప్పట్లోనే నాకొక సంబంధం కుదిరేలా ఉండింది. ఇక్కడే చాలాకాలంగా స్థిరపడ్డ తెలుగువాళ్ళు, పిన్నితో కలిసి శనివారం భజనకు వచ్చే ఆవిడ కొడుకు, పెళ్ళయ్యాక కూడా నన్ను ఉద్యోగం మానమనరని చెప్పారు. నాకు ఆ అబ్బాయి మొహం కంటే ఆ మాటే ఎక్కువ నచ్చింది. ఒక సాయంత్రం ఆ అబ్బాయి తల్లీ, అక్కా నన్ను దగ్గరగా చూసిపోదామని వచ్చారు. బాబాయి డ్యూటీలో ఉన్నాడు. పిన్ని గారెలు వేసి, కొత్త దుప్పటి పరిచి, మా ఇల్లు కూడా నవనాగరికమైనదేనని తెలియడానికి కాబోలు, ఆ రేడియో కాస్త పెట్టవే, నెమ్మదిగా, అంది. పెట్టాను. ఇంగ్లీషు స్టేషనే ఉంది అందులో.

ఆ తర్వాత జరిగింది నాకు ముక్క ముక్కగానే గుర్తుంది. ఆవిడ గారె తుంచుతున్నారు. రేడియోలో ఆ పాటలు వేసే ఆయన, నున్నటి గొంతుతో, తర్వాతి పాట ఎవరికోసమంటే అని, నా పేరు చదివాడు. పేరే కాదు, నేను తంజోంగ్ పగార్‌లో పని చేస్తానని, టెలెక్స్ కొడతానని, ఉండే బ్లాకు నంబరుతో సహా. పంపినాయన పెద్దమనిషి, తన పేరడిగితే సిగ్గుపడి ఫోను పెట్టేశాడు అని చెప్పి, చిన్నగా నవ్వి, మరి ఆ అమ్మాయికి తెలిసే ఉంటుందిలెండి అన్నాడు. ఆ వెంటనే గిటారు. వాన తగ్గేదాకా నా గుమ్మంలో నిలబడు. పాట మొత్తం అయ్యేదాకా ఆ గదిలో ఎవరూ కదల్లేదు. నేను లేచి రేడియో కట్టేయాలని కూడా తోచక, దుప్పటి మీద పువ్వులు చూస్తూ కూర్చున్నాను. మా వరండాలో ఇంకో రెండిళ్ళలో కూడా అదే స్టేషను మోగుతోంది.

పాట అయ్యాక ఆ అబ్బాయి అక్క తల్లి చెవి దగ్గర వంగి, ఇలాంటి పాటలు ఎవరు ఎవరికి వేయిస్తారో చెప్పింది. ఆవిడ తుంచిన గారెను పళ్ళెంలో పెట్టేసి, చేతులు తుడుచుకుని, "మావాడి కంటే ముందే ఎవరో సిగ్గుపడుతున్నారు గదమ్మా, మధ్యలో మేమెందుకు?" అని పిన్నితో అని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ వీపు మీద చురుక్కుమంటుంది.

పిన్ని నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేదేమో. "ఎవడే వాడు?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. అదే ప్రశ్న గరిటెతో, గరిటె లేకుండా, ఏడుస్తూ, బతిమాలుతూ అడిగింది. తెలియదంటే ఎవరు నమ్ముతారు? బ్లాకు నంబరు తెలిసినవాడు, నా పని తెలిసినవాడు, నా నోట్లో ఆడే పాట తెలిసినవాడు. నాకే నా మీద అనుమానం వచ్చింది, ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడానా, ఎవరికైనా ఆశ కల్పించానా అని. అంతలో బాబాయి డ్యూటీ దిగి వచ్చాడు, చేతిలో పచ్చటి కుయే మిఠాయి పొట్లంతో. గుమ్మంలోనే మొహం విప్పార్చుకుని ఏదో అనబోయి, మా ఇద్దరి మొహాలూ చూశాడు. పిన్ని జరిగింది చెప్పింది. ఆయన పొట్లం బల్ల మీద పెట్టి, స్నానానికి వెళ్ళి, చాలాసేపు బయటికి రాలేదు. పరువు పోయినందుకు ఆయన కూడా కుంగిపోయాడనుకున్నాను.

మర్నాడు ఆఫీసులో అందరికీ తెలుసు. "వా, హూ ఈజ్ దిస్ షై మ్యాన్ ఆ?" అని మా సూపర్‌వైజరు ఆంటీ ముద్దుగా చెంప గిల్లింది. వాళ్ళకది పండగ. ఎవరికివారు ఒక్కో పేరు చెప్పి, నా మొహంలో రంగు మారుతుందేమోనని చూసేవారు. పాపం, రోజూ ఓడల కాగితాలు తెచ్చే మలయాళీ అబ్బాయి ఒకతను ఆ వేళాకోళానికి భయపడి, మా గది వైపు రావడమే మానేశాడు. భజనలో పిన్ని పక్కన ఎవరూ కూర్చోలేదు. పిన్ని ఇంటికొచ్చి, తోట ఆసుపత్రికి ట్రంకు కాలు చేసి, మా నాన్నను వచ్చి నన్ను తీసుకుపొమ్మంది. ఈ మనిషిని నా ఇంట్లో కాపలా కాయలేను బావా అని ఆమె ఫోనులో అన్నప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నాను.

నాన్న వచ్చాడు. నన్నేమీ అడగలేదు. అడగకపోవడం ప్రేమ వల్లనా, అడిగితే ఏం వినవలసి వస్తుందోనన్న భయం వల్లనా అని నాకు చాలాకాలం అర్థం కాలేదు. అమ్మ నిర్ణయం చేసి పంపింది. ఉద్యోగం చాలు, తోటకు తెచ్చేద్దాం, ఈ మాట అక్కడిదాకా పాకేలోపు ఎవరో ఒకరికిచ్చి చేసేద్దాం అని. ఆఫీసులో రాజీనామా ఇచ్చి రమ్మన్నారు. కాగితం యంత్రంలో ఎక్కించాను గాని చేతులు రాలేదు, సెలవు చీటీ మాత్రం ఇచ్చి వచ్చాను. ఆ యంత్రం గడగడ మళ్ళీ వినబోనని తెలిసి, మెట్ల దగ్గర నిలబడి కాసేపు విని మరీ వచ్చాను.

తంజోంగ్ పగార్‌లో అప్పట్లో మలేషియా రైళ్ళు ఆగే స్టేషనుండేది, ఎత్తైన కప్పుతో, గోడల మీద పెద్ద పెద్ద రంగుల బొమ్మలతో. పొద్దున రైలుకు నేనూ నాన్నా నా రేకుపెట్టెతో వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాం. పిన్ని రాలేదు. రైలు వచ్చి ఆగాక, మేం లేవబోతుండగా, బాబాయి కనిపించాడు. రాత్రి డ్యూటీ నుంచి తిన్నగా వచ్చాడు, తల మీద రేవు టోపీ అలాగే ఉంది, కాళ్ళకు బూట్లూ అలాగే ఉన్నాయి. మా నాన్న ఎదుట నిలబడి, చేతులు కట్టుకుని, నా వంక చూడకుండా చెప్పాడు.

"అన్నయ్యా, పాపది ఏం తప్పు లేదు. ఆ పాట నేనే ఫోను చేసి వేయించేను. దాని పొరందనాళ్ గదా అని. తమిళ రేడియోలో వేస్తారు గదా, అలాగే అనుకున్నాను. ఇంత సూసా, ఇంత తంటా అవుతుందని తెలీదు."

పొరందనాళ్. పుట్టినరోజు. నాకప్పుడు గుర్తొచ్చింది. మా ఇళ్ళల్లో పుట్టినరోజంటే తిథి ప్రకారం పరమాన్నం వండడమే గాని తేదీ ఎవరికీ పట్టదు. నా గుర్తింపు కార్డు మీద ఉన్న తేదీ తోట గుమాస్తా తీరిక చూసుకుని వేసింది, అది నాకే జ్ఞాపకం ఉండదు. నన్ను ఉద్యోగంలో చేర్చేటప్పుడు పర్మిటు కోసం ఆ కార్డు పట్టుకుని నాతో వరసలో నిలబడ్డది బాబాయి. ఆయన దాన్నే నా పుట్టినరోజనుకుని మనసులో పెట్టుకున్నాడు. రేవు క్యాంటీను ఫోను దగ్గర నిలబడి, రాని ఇంగ్లీషులో, తమిళ రేడియోకు చెప్పినట్టే నా వివరాలన్నీ చెప్పాడు. మీ పేరేమిటని అడిగితే మాత్రం, దీవించేవాడు తన పేరు తానే చాటుకోవడమేమిటని మొహమాటపడి, నో నీడ్, నో నీడ్ లా అని పెట్టేశాడు. ఆ సాయంత్రం ఇల్లంతా సంతోషంగా ఉంటుందనుకుని మిఠాయి కొనుక్కొచ్చాడు.

నాకు ఒక్కసారిగా ఊపిరాడింది. అయిపోయింది, ఇంక ఇంటికెళ్ళి పిన్నికి చెప్తే చాలు అనుకున్నాను. నాన్న మాత్రం మళ్ళీ బెంచీ మీద కూలబడ్డాడు. "తమ్ముడూ, ఈ మాట ఇక్కడే ఆపెయ్యి. ఇంట్లో కూడా చెప్పకు," అన్నాడు. నేను ఎందుకు నాన్నా అన్నాను. ఆయన నా వైపు చూడలేకపోయాడు. ఇంట్లో వయసొచ్చిన పిల్ల, భార్య అక్క కూతురు, దానికి ఇంటాయన పేరు దాచుకుని అలాంటి పాట వేయించాడని భజనలో తెలిస్తే ఏమంటారో ఆయన వివరించలేదు. వివరించకుండానే మా ముగ్గురికీ తెలిసింది. ఎవడో తెలియని కుర్రాడైతే నా ఒక్కదాని పరువే పోతుంది. నిజం చెబితే పిన్ని సంసారం కూడా పోతుంది. బాబాయి మొహం పాలిపోయింది. తాను చేసిన పనికి అటువంటి అర్థం ఒకటుంటుందని ఆ మనిషికి అప్పుడే తట్టినట్టుంది. ఆయన ఆ టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ నిలబడడం చూడలేక, నేను గోడ మీది బొమ్మల వైపు తల తిప్పుకున్నాను.

నాన్న రేకుపెట్టె నా పక్కన పెట్టి, డ్యూటీకి పో తల్లీ అని, ఒక్కడే రైలెక్కాడు. అమ్మతో, నేను విచారించాను, పిల్లకు ఏమీ తెలియదు, నాదీ పూచీ అన్నాడట. అమ్మ సగమే నమ్మింది. పిన్ని ఏమీ నమ్మలేదు. బావ మెత్తని మనిషి కాబట్టి ఇది ఏడ్చి బోల్తా కొట్టించింది అనుకుంది. నా ఉద్యోగం నాకు దక్కింది. టెలెక్స్ యంత్రం ముందు కూర్చుంటే ప్రాణం లేచొచ్చింది, ఆ మాట కూడా చెప్పాలి.

కానీ ఆ ఇంట్లో ఆ తర్వాత నేనూ బాబాయీ బతికిన తీరే మారిపోయింది. ఏ తప్పూ చేయని ఇద్దరు మనుషులం అచ్చం తప్పు చేసినవాళ్ళలాగా మసలుకున్నాం. నేను హాల్లోకి వస్తే ఆయన వరండాలోకి వెళ్ళేవాడు. ఆయన భోంచేస్తుంటే నేను వంటింట్లోంచి కదిలేదాన్ని కాదు. మకాన్ అయిందా అని అడగడం మానేశాడు. పిన్ని లేని సమయంలో మేమిద్దరమే ఇంట్లో ఉండవలసి వస్తే, నేను చెప్పులు వేసుకుని కిందికి దిగి, బ్లాకు చుట్టూ తిరిగేదాన్ని. రేడియో బల్ల మీద అలాగే ఉండేది, ఆయన దాని చెవి ఎన్నడూ తిప్పలేదు, తమిళ స్టేషను కోసం కూడా. ఆ పాట నేను మళ్ళీ నోట్లోకి రానివ్వలేదు. కొన్నాళ్ళకు ఆఫీసు అమ్మాయితో కలిసి వేరే గది అద్దెకు తీసుకున్నాను. నన్ను సాగనంపేటప్పుడు బాబాయి గుమ్మం దాకా వచ్చి, ఏదో చెప్పాలనుకుని, లిఫ్టు వచ్చింది చూడు అన్నాడు.

తర్వాత నాకూ పెళ్ళయింది, మలేషియా తెలుగువాళ్ళే, అక్కడి నుంచే వచ్చిన మెకానిక్కు. పిల్లలు, వాళ్ళ పిల్లలు. టెలెక్స్ యంత్రాలు పోయాయి, రైలు స్టేషను మూసేశారు, రేవు కూడా తరలిపోతోంది. నాన్నా, అమ్మా వెళ్ళిపోయారు. పండగలకూ పెళ్ళిళ్ళకూ కలిసినప్పుడు బాబాయి నన్ను దూరం నుంచే పలకరించి, మా ఆయనతో ఓడల గురించి మాట్లాడేవాడు. పిన్నికి వయసు మీరేకొద్దీ కోపం పోయి, అదొక వేళాకోళమైంది. పదిమందిలో కూర్చున్నప్పుడు కూడా, నీ రేడియో మనిషి ఎక్కడున్నాడే ఇప్పుడు అని నవ్వేది. అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని. బాబాయి మాత్రం లేచి ఎటో వెళ్ళిపోయేవాడు. కిందటేడు ఆయన పోయాడు. ఆ కర్మకాండలప్పుడు కూడా పిన్ని ఒక మాటు కళ్ళు తుడుచుకుంటూ అదే హాస్యమాడింది.

వన్-నార్త్‌లో ఆ పాట విని వచ్చాక రెండు రోజులు మనసు మనసులో లేదు. నాన్న చెప్పవద్దన్న మాట నాన్నతోనే పోయింది, బాబాయీ పోయాడు, ఇంక ఎవరి పరువు కాపాడుతున్నాను నేను అనిపించింది. పిన్ని ఇప్పుడు సెంగ్‌కాంగ్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. ఆ పేట చుట్టూ తిరిగే చిన్న రైలెక్కి వెళ్ళేసరికి, కొడుకూ కోడలూ ఆఫీసుకు, పిల్లలు బడికి వెళ్ళిపోయి, ఆమె ఒక్కతే హాల్లో కూర్చుని కరివేపాకు దూస్తోంది. నేను కూడా ఒక రెమ్మ తీసుకుని, దూస్తూ దూస్తూ, నేరం ఒప్పుకుంటున్నట్టు తల ఎత్తకుండా మొత్తం చెప్పేశాను.

పిన్ని చేతులు ఆగిపోయాయి. నేను ఆమె ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే ఇన్నేళ్ళు నిన్ను ఆడిపోసుకున్నానే అంటుందనుకున్నాను, ఇంకా ఘోరమైనదేదైనా అడుగుతుందేమోనని భయపడ్డాను కూడా. ఆమె అడిగిందల్లా, "ఇంగ్లీషులో ఫోను చేసేడా? ఆ మనిషి?" అని. అవునన్నాను. "డాక్టరు దగ్గర ఒక్క ముక్క నోరు విప్పేవాడు కాదు," అంది. మళ్ళీ కరివేపాకు అందుకుంది. నాతో కాదు, ఆ ఆకుతో అన్నట్టుగా, "నా పేరు ఎప్పుడూ చదివించలేదే," అంది.

పిల్లాడి పుట్టినరోజుకు చదివారు కదా పిన్నీ అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. "అది వాడి తల్లి పేరు," అంది. అంతే. నా పేరు ఎలా వినబడినందుకు నేను ఇన్నేళ్ళు భూమిలోకి కుంగిపోయానో, తన పేరూ అలాగే వినబడాలని పక్కనే ఒక మనిషి కోరుకుంటూ కూర్చుని ఉందన్నమాట, గరిటె పట్టుకుని, పరువు గురించి అరుస్తూ. నీకు ఏ పాట ఇష్టం పిన్నీ అని అడిగాను. ఆమె నా వంక ఒకసారి చూసి, "ఇప్పుడా అడగడం?" అని, కరివేపాకు గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తిరుగు రైలులో నా ఎదురుగా కూర్చున్నవాళ్ళందరి చెవుల్లోనూ ఏవో తెల్లటి బిరడాలున్నాయి. మా మనవరాలు కూడా అంతే, స్నేహితులకు వేలితో నొక్కి పాటలు పంపిస్తుంది, ఎవరు ఏది వింటున్నారో పక్కవాడికి తెలియదు, ఒకరి పేరు వరండా అంతా వినబడి ఇంకొకరి సంబంధం చెడిపోయే ప్రమాదం లేదు. మా రోజులే మంచివని నేననను, వాటివల్ల నాకు జరిగింది చాలు. ఒకే గదిలో ఒకే రేడియో ఉండడంవల్ల నేనేం పాడుకుంటున్నానో బాబాయికి తెలిసింది, ఆయన వెళ్ళి ఆ పాట అడిగాడు. అదే గదిలో, అదే రేడియో పక్కన, పిన్ని కూడా ఉండేది. చింతపండు పిసికేది, బట్టలు మడతపెట్టేది, పొయ్యి ముందు నిలబడేది. భజన పాటలు కాక తనకోసం తాను ఏం పాడుకునేదో ఎంత గుర్తు తెచ్చుకున్నా నాకు రావడం లేదు.